కంటి పరిశోధన నెట్‌వర్క్ పగ్గాలు ఎవరి చేతిలో ఉంటే మేలు?

పోయిన నెల అనంతపురంలో ఒక కంటి క్యాంపు ముగిశాక, సామాను సర్దేసి నలుగురం టీ తాగుతూ కూర్చున్నాం. కర్నూలు నుంచి వచ్చిన డాక్టరుగారు, కడప నుంచి వచ్చిన ఆప్టోమెట్రిస్టు మేడం, రిటైరైన మా సీనియర్, నేను. మూడు పాత జిల్లాల కంటి డాక్టర్లు, మెడికల్ కాలేజీలు, ట్రస్టు ఆసుపత్రులు కలిసి ఒక పరిశోధన నెట్‌వర్క్ పెట్టుకుంటే ఎలా ఉంటుందని మాటొచ్చింది. బాగుంటుందనడంలో ఎవరికీ పేచీ లేదు. ఎవరు నడపాలన్న దగ్గరే టీలు చల్లారిపోయాయి.

"పేరున్న పెద్ద సంస్థకు అప్పజెప్పండప్పా, వాళ్లే చూసుకుంటారు" అన్నాడు మా సీనియర్.

ఆయన మాట తీసిపారేసేది కాదు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వే చేసింది. 10,293 మందిని కూర్చోబెట్టి పరీక్షించారు. నూటికి 1.84 మందికి చూపు లేదని లెక్క తేలింది. దాదాపు పదిహేనేళ్ల తర్వాత ఆ పల్లెలకే మళ్లీ వెళ్లి, అప్పటి మనుషుల్లో దొరికినవాళ్లను వెతికి పట్టుకుని మళ్లీ చూశారు. అంత ఓపిక, అంతకాలం నిలిచే సిబ్బంది, డబ్బు పెద్ద సంస్థకే సాధ్యం.

ఇంకోటి చెప్తాను, ఇది మన పొలాలకు దగ్గరి సంగతి. శెనక్కాయ పీకేటప్పుడు మన్నో, ఆకో, కట్టెపుల్లో కంట్లో గీసుకుంటుంది. మనిషి ముందు పసరు పోయించుకుంటాడు. తర్వాత మెడికల్ షాపులో ఏదో చుక్కల మందు కొనుక్కుంటాడు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఫంగస్‌కు పండగే. మా దగ్గరికొచ్చేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి పుండు. మానినా పువ్వు మిగిలిపోతుంది. ఈ పుండుకు ఫంగస్‌ను చంపే మందుల్లో పాత నాటామైసిన్ చుక్కలు మేలా, ఖరీదైన వొరికొనజోల్ మేలా అని అరవింద్ కంటి ఆసుపత్రులు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రాక్టర్ ఫౌండేషన్ కలిసి 323 మంది మీద చూశాయి. 2013లో ఫలితం వచ్చింది. పాత మందే గెలిచింది. ఎంత మంది రైతు కూలీలకు డబ్బు మిగిలి ఉంటుందో ఆలోచించండి.

అయినా పెద్ద సంస్థకు నా ఓటు వేయలేదు. కారణం ఆ మొదటి సర్వేలోనే ఉంది. దానికి ఎంచుకున్నవి హైదరాబాద్ నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలు. రాష్ట్రానికి అద్దం పట్టేలా లెక్క ప్రకారమే ఎంచుకున్నారు, అందులో తప్పు పట్టను. కానీ సర్వే మహబూబ్‌నగర్ దాకా వచ్చి తుంగభద్ర అవతలి ఒడ్డున ఆగిపోయింది. రాష్ట్రమంతటికీ చెప్పుకున్న ఆ అంకెలో రాయలసీమ ఊరు ఒక్కటీ లేదు. పగ్గాలు దూరంగా ఉంటే పని బాగానే జరుగుతుంది గానీ, మన ప్రశ్న వరుసలో ఎన్నోదో మనకు తెలియదు.

కర్నూలు డాక్టరుగారి వాదన వేరు. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో కంటి విభాగం ప్రొఫెసరే నాయకత్వం వహించాలంటారు ఆయన. కర్నూలు కాలేజీ 1957 నాటిది, అనంతపురంలో 2000లో, కడపలో 2006లో వచ్చాయి. పేషెంట్లు వాళ్ల దగ్గరే ఉన్నారు. ఏటా పీజీలు రాసే థీసిస్‌లూ ఉన్నాయి. ప్రభుత్వం తలుచుకుంటే ఎంత మందిని చేరగలదో కూడా చూశాం. 2019 అక్టోబరు 10న వైఎస్సార్ కంటి వెలుగు అనంతపురంలోనే మొదలై, ముందుగా బడిపిల్లల కళ్లు చూసింది. అంత పెద్ద పని ఏ ట్రస్టు వల్లా కాదు.

ఇదీ బాగానే ఉంది. కానీ ప్రొఫెసర్‌గారి రోజు ఎలా గడుస్తుందో చూశాను కాబట్టి చెప్తున్నాను. పొద్దున ఓపీ, తర్వాత థియేటర్, మధ్యలో వీడియో కాన్ఫరెన్సు, సాయంత్రం సర్టిఫికెట్ల మీద సంతకాలు. ఈలోగా బదిలీ ఆర్డరు. ఆయన వెళ్లిపోయాక బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే వారం పడుతుంది. రెక్సిన్ అట్ట వేసిన థీసిస్‌లు ఆ బీరువాలో అలాగే పడుంటాయి. మనిషి మంచివాడే. కుర్చీయే నిలకడది కాదు.

మూడో దారి కడప మేడం చెప్పారు, చివరికి నేనూ అటే మొగ్గాను. అధ్యక్షుడు రెండు మూడేళ్లకొకసారి మారతాడు, ఒక జిల్లా తర్వాత ఇంకో జిల్లా. సమన్వయ ఆఫీసు మాత్రం మారదు. అమెరికాలో మధుమేహం వల్ల వచ్చే రెటీనా (కంటి లోపలి తెర) జబ్బుల మీద 2002లో మొదలైన డీఆర్‌సీఆర్ నెట్‌వర్క్ నడిచేది ఇలాగే. ఛైర్మన్లు మారుతుంటారు. లెక్కలు, ఫారాలు, కంప్యూటర్లు మాత్రం ఫ్లోరిడాలోని జేబ్ సెంటర్‌లోనే ఉంటాయి. రెటీనా వాపుకిచ్చే మూడు ఇంజెక్షన్లను 89 చోట్ల 660 మందికి ఇచ్చి పోల్చి, 2015లో తేల్చి చెప్పారు. చూపు కొద్దిగానే తగ్గినవాళ్లకు చవకైన అవాస్టిన్ కూడా మిగతా రెండింటికి తీసిపోలేదు, చూపు బాగా తగ్గినవాళ్లకు ఐలియా ఎక్కువ మేలు చేసింది. ప్రభుత్వ డబ్బుతో నడిచే ఇలాంటి నెట్‌వర్క్ కాకుండా, ఏ కంపెనీ తన మందును చవక మందు పక్కన నిలబెట్టి చూడమంటుంది?

ఆ సెంటరే చూసుకునే పిల్లల కంటి నెట్‌వర్క్ ఒకటుంది. ఒక మోస్తరు మందకంటికి (చిన్నప్పటి నుంచి ఒక కన్ను చూపు సరిగా ఎదగని జబ్బుకు), బాగున్న కన్ను రోజుకు ఆరు గంటలు మూసినా రెండు గంటలు మూసినా ఫలితం ఒకటేనని 2003లో చూపింది వాళ్లే. ప్లాస్టర్ పీకి పారేసే పిల్లాడితో అవస్థ పడే తల్లికి నాలుగు గంటలు తగ్గాయి. ఎక్కడెక్కడో చిన్న క్లినిక్కుల్లో నలుగురూ అయిదుగురూగా ఉన్న పిల్లల్ని కలిపితేనే తేలిన సంగతి ఇది.

మారే అధ్యక్షుడితో చిక్కు లేదా అంటే ఉంది. మొదటి ఏడు నేర్చుకోవడంతో సరి, చివరి ఏడు సన్మానాలతో సరి. తర్వాత రాబోయేవాళ్లు ముందు ఏడాది నుంచే పక్కన కూర్చుంటే ఆ నష్టం కొంత తగ్గుతుంది.

అసలు బరువంతా ఆఫీసు మీదే పడుతుంది. ఎందుకో నా అనుభవం చెప్తాను. ఒకసారి మూడు చోట్ల నుంచి వచ్చిన కంటి రిజిస్టర్లు కలపబోయి తల పట్టుకున్నాను. ఒక చోట చార్టు ఆరు మీటర్ల దూరంలోనే పెట్టారు. ఇంకో చోట గది పొట్టిది, అదే చార్టును మూడు మీటర్లలో తగిలించారు, రాసింది మాత్రం 6/18 అని, అంటే మామూలు కన్ను పద్దెనిమిది మీటర్ల నుంచి చదివే గీతను ఆరు మీటర్ల నుంచి చదివినట్టు. మూడు మీటర్ల నుంచి ఆ గీత చదివిన అవ్వకు నిజానికి ఉన్నది 6/36 చూపే. మూడో చోట అద్దాలు పెట్టి చూశారో తీసి చూశారో రాయనేలేదు. వీటన్నిటినీ ఒక పట్టికలో కలిపి శాతాలు వేస్తే అచ్చులో అందంగా కనిపిస్తాయి, అంతే. ఎంత పెద్ద డాక్టరు అధ్యక్షుడైనా ఈ చార్టు దూరం టేపు పట్టి కొలవడు. కొలిచే మనిషికి జీతమిచ్చి, పదేళ్లు ఆ కుర్చీలోనే ఉంచాలి. నాకైతే అధ్యక్షుడి ఎంపిక కంటే ఆ మనిషి ఎంపికే ముఖ్యం అనిపిస్తుంది.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలి, వ్యాసం మీద ఎవరి పేరు ముందుండాలి అన్నవి మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. తర్వాత రాసుకుందామంటే స్నేహాలు మిగలవు.

ఇక మిగిలింది ఆఫీసు ఎక్కడ పెట్టాలని. 1953లో రాజధాని అయిన ఊరు మాది, మా దగ్గరే ఉండాలన్నారు కర్నూలు డాక్టరుగారు. అది మూడేళ్లకే పోయింది కదా సార్ అన్నాడు మా సీనియర్. మేడం ఖాళీ గ్లాసు కింద పెట్టి, "గుత్తిలో పెట్టండి. కర్నూలు, అనంతపురం వాళ్లకు హైవే మీదే, మాకు రైలుంది. ముగ్గురికీ సొంతూరు కాదు" అన్నారు. అందరం నవ్వాం గానీ, కాదనడానికి ఎవరికీ కారణం దొరకలేదు.