అమ్మ చేతికి స్మార్ట్ వాచీ: రెండేళ్లు పెట్టుకున్నాక నా మాట

అరవై నిండిన పుట్టినరోజుకి మా అబ్బాయి డాలస్ నుంచి పంపించిన స్మార్ట్ వాచీ ఇది. కంపెనీ పేరు చెప్పను. నా ఫిర్యాదు ఇంచుమించు ఈ రకం వాచీలన్నిట్లో ఉండే ఒక సౌకర్యం గురించి. నా గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది, రాత్రి ఎంతసేపు నిద్రపోయాను, ఎన్ని అడుగులు నడిచాను అన్న లెక్కంతా ఇంకొకరి ఫోన్లోకి వెళ్లిపోవడం. మా అబ్బాయి ఈ వాచీ కొన్నదే దాని కోసం. నాకు కంటగింపు అయిందీ అదే.

తెర ఎంత, చార్జింగ్ ఎన్నాళ్లు వస్తుంది లాంటివి ఇక్కడ రాయను. అవి ఎక్కడైనా దొరుకుతాయి.

వచ్చిన కొత్తలో కనిపించిన వాళ్లందరికీ దీని గురించి గొప్పగా చెప్పాను. అప్పుడు చెప్పినవాటిని కొంచెం సవరించుకోవాలి. నడక బాగా పెరిగిందన్నాను. పెరిగింది నిజమే. కాకపోతే వాచీ చెప్పినంత పెరగలేదు. పిండి కలిపినా, మజ్జిగ చిలికినా, గిన్నెలు తోమినా చెయ్యి ఊపును అది అడుగుల్లో కలిపేస్తుంది. గోదావరి గట్టు మీద సరుకుల సంచీ చేత్తో పట్టుకుని నడిస్తే మాత్రం ఆ చెయ్యి కదలదు కాబట్టి సగమే లెక్కేస్తుంది. పైగా రోజుకి పదివేల అడుగులు పూర్తి కాలేదని సాయంత్రం గుర్తుచేయడం ఒకటి. ఆ పదివేల లెక్క ఏ డాక్టరూ పెట్టింది కాదు. 1965 ప్రాంతంలో జపాన్లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు ప్రచారంతో అది లోకమంతా పాకింది. సగటు వయసు 72 ఏళ్లున్న దాదాపు 17 వేల మంది ఆడవాళ్లను గమనించి 2019లో అమెరికా పరిశోధకులు చెప్పింది వేరు. రోజుకి 4,400 అడుగులు నడిచేవాళ్లలోనే మరణాలు, 2,700 అడుగులతో సరిపెట్టుకునేవాళ్లకన్నా బాగా తక్కువ. 7,500 దాటాక పెద్దగా తేడా లేదు. ఈ సంగతి తెలిశాక లక్ష్యాన్ని ఐదు వేలకి దించేసుకున్నాను. మోకాళ్ల నొప్పులతో పదివేలు పూర్తి చేయాలని చీకటి పడ్డాక వరండాలో అటూ ఇటూ తిరిగే మా వయసు ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి ఎవరైనా ఈ మాట చెప్పాలి.

బీపీ కూడా చూస్తుందనుకున్నారు మా వారు. చూడదు. బీపీ చూపించే రకాలు వేరే ఉన్నాయి. వాటినీ మామూలు బీపీ మిషన్ పక్కన పెట్టి అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. ఎదురింటి వదినగారి కూతురు మాత్రం సూది గుచ్చకుండా షుగర్ చెబుతుందని ఒక చవక వాచీ తెచ్చింది. అలాంటివాటిని నమ్మవద్దని, వేలు గుచ్చకుండా షుగర్ కొలిచే ఏ వాచీకీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులకీ, వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఇన్సులిన్ తీసుకునే మనిషి ఆ అంకె చూసుకుని డోసు మార్చుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. వదినగారికి చెప్పి ఆ వాచీ తీయించాను.

నన్ను నిజంగా సంతోషపెట్టింది మాత్రం ఎవరూ ప్రకటనల్లో చెప్పని చిన్న విషయం. నాకు థైరాయిడ్ ఉంది. తెల్లవారుజామున పరగడుపున మాత్ర వేసుకుని, కనీసం అరగంట ఆగి కాఫీ తాగాలి. ఫోన్లో అలారం పెడితే మా వారికి నిద్ర చెడుతుంది. ఆయనకి ఒకసారి మెలకువ వస్తే మళ్లీ పట్టదు. ఈ వాచీ చప్పుడు చేయకుండా మణికట్టు మీద మెల్లగా రెండుసార్లు తడుతుంది. లేచి మాత్ర వేసుకుని అరగంట టైమర్ పెట్టుకుంటాను. అది మళ్లీ తట్టేసరికి డికాక్షన్ దిగి ఉంటుంది. ఏళ్ల తరబడి గడియారం చూసుకుంటూ, అప్పుడప్పుడు మాత్ర మర్చిపోతూ గడిపిన నాకు ఇది పెద్ద సుఖం. ఫోను ఎక్కడ పెట్టానో మర్చిపోతే మోగించే సదుపాయం కూడా రోజూ పనికొస్తుంది.

ఇక అసలు విషయం.

మా వాడు వెళ్లిన దగ్గర్నుంచి వారంలో నాలుగైదు సార్లు ఫోన్ చేస్తాడు. మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "అమ్మా, ఏం చేస్తున్నావ్? ఏం వండావ్?" గోంగూర పప్పు అంటే అక్కడ గోంగూర దొరికిందో లేదో చెప్పేవాడు. ములక్కాడ అంటే లొట్టలేసేవాడు. అలా మొదలై ఎక్కడెక్కడికో పోయేవి మా కబుర్లు. వాచీ వచ్చిన రెండు నెలలకి ఆ మొదటి మాట మారిపోయింది. "అమ్మా, రాత్రి ఐదు గంటలే పడుకున్నావేంటి?" "నిన్న అసలు నడవలేదా?" "రెండింటప్పుడు హార్ట్ రేట్ నూట పది ఉందే, ఏం చేస్తున్నావ్ ఆ టైములో?"

ఆ రెండింటి రాత్రి మా అక్క పోయిన తిథి. నాకు నిద్ర పట్టలేదు. వంటింట్లో దీపం వేసుకుని, పెట్టెలో దాచుకున్న ఆవిడ ఉత్తరాలు తీసి చదువుకున్నాను. ఏడ్చాను. మనసుకి కాస్త తేలికైంది. అది నేను ఎవరికీ చెప్పదలచుకోని రాత్రి. పొద్దున్నే వాడు కార్డియాలజిస్ట్ దగ్గరికి వెళ్లమని అపాయింట్‌మెంట్ తీసుకున్నానని మెసేజ్ పెట్టాడు. వాడిది ప్రేమే, నాకు తెలుసు. అయినా నా దుఃఖం ఒక గీత అయిపోయి, పదిహేను వేల కిలోమీటర్ల అవతల ఒక తెర మీద కనిపించడం నాకు ఒళ్లు మండించింది. ఆ వారం మాట్లాడలేకపోయాను వాడితో.

అసలు యాభై ఐదు దాటిన ఆడవాళ్లకి వచ్చే బహుమతులు ఈ మధ్య అన్నీ ఒకే దుకాణం నుంచి వస్తున్నట్టున్నాయి. మా స్కూల్లో నాతో పనిచేసి రిటైరైన టీచర్లని అడిగితే, ఒకావిడకి కాళ్లు నొక్కే మిషను, ఒకావిడకి నూనె లేకుండా వేయించే ఎయిర్ ఫ్రయరు, ఇంకొకావిడకి మందులు దాచుకునే ఏడు అరల డబ్బా. ఎవరికీ ఒక పుస్తకం రాలేదు, ఒక ప్రయాణం టికెట్టు రాలేదు. నేను రాత్రిపూట చదువుకుంటాను, మంచం పక్కకి వంచుకునే మంచి దీపం ఒకటి కావాలని ఫోన్లో అన్నాను కూడా. కళ్లకి శ్రమ ఎందుకమ్మా, ఆడియో పుస్తకాలు వినమన్నాడు. మన ఒంటికి ఏమవుతుందోనన్న భయమే పిల్లల చేత ఈ వస్తువులు కొనిపిస్తోంది. మనకేం ఇష్టమో అడగాలని వాళ్లకి తట్టడం లేదు.

ఇక వరలక్ష్మీ వ్రతం నాటి సంగతి చెప్పాలి. ఈ వాచీ తయారుచేసినవాళ్లు గాజులున్న చేతిని చూసి ఉండరని ఆ రోజే నాకు తెలిసింది.

వాచీ ఎడమ చేతికి పెట్టుకుంటే పక్కన బటన్లు ఉన్న అంచు అరచేతి వైపుకి ఉంటుంది. వాచీకి, అరచేతికి మధ్యలో గాజులుంటాయి. మామూలు రోజుల్లో రెండు బంగారు గాజులే కాబట్టి ఇబ్బంది లేదు. ఆ రోజు పండగని ఆకుపచ్చ మట్టిగాజులు డజను వేసుకున్నాను. పీట మీద కూర్చుని, అక్షింతలు పట్టుకున్న కుడి చేతిని ఎడమ చేతిలో పెట్టుకుని కథ వింటున్నాను. ఎడమ మణికట్టు మోకాలి మీద వంగి ఉంది. గాజులన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వెళ్లి ఆ బటన్‌ని అదిమి పట్టాయి. చారుమతికి కల వచ్చే చోట ఉన్నాం. ఒక్కసారిగా నా చేతిలోంచి సైరన్.

చుట్టూ పదిమంది ఆడవాళ్లు. అందరూ ఉలిక్కిపడ్డారు. వాచీ తెర ఎర్రగా మారి అంకెలు తగ్గుతున్నాయి. ఆపడానికి తెర నొక్కాలి. నా వేళ్లకి పసుపు, తడి, నూనె. ఎంత నొక్కినా తీసుకోలేదు. అక్షింతలు ఒళ్లో పడ్డాయి. పక్కింటి పిన్నిగారు చీర కొంగుతో తెర తుడుస్తూ ఉండగానే అంకెలు అయిపోయాయి. నా మణికట్టులోంచి 112 ఆపరేటర్ గొంతు: "హలో, చెప్పండమ్మా, ఏమైంది? ఎక్కడున్నారు?" అమ్మవారి ముందు కూర్చుని చేతిని నోటి దగ్గర పెట్టుకుని, ఏమీ కాలేదమ్మా, గాజులు తగిలి ఫోన్ వెళ్లిపోయింది, క్షమించండి అని చెప్పాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, పర్వాలేదమ్మా, మీరు బాగానే ఉన్నారు కదా అని రెండుసార్లు అడిగి పెట్టేసింది. ఆ నిమిషంలో నిజంగా ప్రాణం మీదికొచ్చినవాళ్లు ఎవరైనా ఆ లైన్ కోసం ఆగి ఉంటారేమోనన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అక్కడితో అయిపోలేదు. ఫోన్ వెళ్లిన వెంటనే అబ్బాయికీ, హైదరాబాదులో ఉన్న అమ్మాయికీ నేనెక్కడున్నానో మ్యాపుతో సహా మెసేజ్ వెళ్లింది. డాలస్‌లో రాత్రి పదకొండున్నర. వాడు నాకు చేస్తే నా ఫోన్ హాల్లో టీవీ పక్కన ఉంది, వినపడలేదు. వాళ్ల నాన్నకి చేస్తే పూజ అని ఆయన సైలెంట్‌లో పెట్టుకున్నారు. ఈ ఊళ్లోనే ఉన్న తన స్నేహితుడికి చేశాడు. ఆ అబ్బాయి హెల్మెట్ కూడా తీయకుండా, చెప్పులతోనే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి, పీట మీద కూర్చున్న నన్ను చూసి అలాగే గోడకి చేరగిలబడిపోయాడు. వాడి మొహంలో రంగు లేదు. ముందు వాడికి మంచినీళ్లు ఇచ్చి, తర్వాత కథ మొదటి నుంచి మళ్లీ చెప్పించుకున్నాం.

ఆ సాయంత్రం వాయనానికి వచ్చిన ప్రతివాళ్లూ తాంబూలం తీసుకుంటూ, ఒంట్లో ఎలా ఉంది అని గొంతు తగ్గించి అడిగారు. విశాఖపట్నం నుంచి ఆడపడుచు ఫోన్. నెలరోజులు మా వీధిలో నేను గుండెజబ్బు మనిషిని. ఏ రోగమూ లేని నన్ను రోగిని చేసిపెట్టింది ఈ బహుమతి.

డిసెంబర్లో కోడలు వచ్చినప్పుడు, దగ్గర కూర్చోబెట్టుకుని నా మనసులో మాట చెప్పాను. మా అక్క ఉత్తరాల సంగతితో సహా. ఆ పిల్ల ఏమీ వాదించలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి లెక్కలు పంచుకోవడం ఆపేసింది. బటన్ నొక్కి పట్టుకుంటే ఫోన్ వెళ్లకుండా చేసింది. పడిపోతే పసిగట్టేది మాత్రం ఉంచమంది. బాత్‌రూమ్‌లో జారితే పనికొస్తుందని. అది ఒప్పుకున్నాను. మొదటి రోజే నన్ను ఎవరైనా ఇలా కూర్చోబెట్టి ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని అడిగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను. లెక్కలు ఆగాక అబ్బాయి ఫోన్లు కూడా కొంత తగ్గాయి. వారానికి రెండుసార్లు చేస్తున్నాడు. మొదటి మాట మళ్లీ వంట దగ్గరికి వచ్చింది. నాకు ఈ రెండుసార్లే ఇష్టం. కానీ ఆ లెక్కలు చూసుకుంటూ అంత దూరంలో వాడు కూడా ఒక రకంగా నా దగ్గరున్నాననుకున్నాడేమో. అది తీసేసినప్పుడు వాడికి కష్టమే కలిగింది. వాడు నోరు తెరిచి అనలేదు.

నా పరిస్థితి వేరు. ఇంట్లో మనిషి తోడున్నారు, గోడ అవతల పిన్నిగారున్నారు, కేకేస్తే పలుకుతారు. కాకినాడలో మా చిన్నమ్మ డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో ఒంటరిగా ఉంటోంది. ఆవిడకైతే ఇదే వాచీ మేలు చేయవచ్చు. ఒకసారి ఆవిడ చేతికి పెట్టి చూశాం కూడా. గుండె లెక్క రాలేదు. వాచీ అడుగున ఉండే ఆకుపచ్చ వెలుగు చర్మం లోపలికి వెళ్లి రక్తప్రవాహాన్ని చూస్తుంది. చిన్నమ్మ ఎడమ మణికట్టు మీద పెళ్లినాటి పచ్చబొట్టు, ఆ సిరా వెలుగుని అడ్డుకుంటుంది. కుడి చేతికి మారిస్తే వచ్చింది. కుడి చేత్తోనే అన్నం తినాలి, కుడి చేత్తోనే పూజ చేయాలి కాబట్టి రోజంతా ఉంచుకోనంది. మీ ఇంట్లో పెద్దావిడకి కొనే ముందు ఆవిడ మణికట్టు ఒకసారి చూడండి, గాజులు ఎన్ని వేసుకుంటారో చూడండి. లెక్కలు ఎవరెవరు చూడాలో ఆవిడనే అడిగి ఆవిడ చేతనే ఆ బటన్ నొక్కించండి. నేనైతే తెల్లవారుజామున మాత్ర కోసం పెట్టుకుని, కాఫీ అయ్యాక తీసి అలమారాలో పెట్టేస్తున్నాను. స్నానానికి వెళ్లేటప్పుడు మాత్రం కోడలి మాట మీద మళ్లీ పెట్టుకుంటాను.