వైడ్‌బ్యాండ్ గేజ్: 14.7 దగ్గర నమ్మవచ్చు, 11.5 దగ్గర తరచి చూడాలి

గాలి-ఇంధనం నిష్పత్తిని చూపే గేజ్ కొనబోయేవారు మొట్టమొదట అడిగేది ‘అది ఎంత కచ్చితంగా చూపిస్తుంది?’ అని. కొన్నేళ్లుగా రెండు వైడ్‌బ్యాండ్ గేజ్‌లు వాడాను, మధ్యమధ్య సెన్సర్లు మార్చాను. ఎవరైనా ఆ మాట అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: ఎక్కడ చూపించినప్పుడు? ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి; అంకె అంతకంటే తగ్గితే ఇంధనం ఎక్కువైనట్టు (రిచ్), పెరిగితే తక్కువైనట్టు (లీన్). 14.7 దగ్గర దాదాపు అన్ని గేజ్‌లూ సత్యహరిశ్చంద్రులే. పేచీ వచ్చేది యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, 11కూ 12కూ మధ్య అంకెను చదివి, దాన్ని నమ్మి ఇంధనం తగ్గించాలా పెంచాలా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు. పిస్టన్ బతికేదీ కరిగేదీ అక్కడే. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ కొస గురించే ఉంటుంది.

మొదటి గేజ్ పాత తరానిది. బాష్ ఎల్ఎస్‌యూ 4.2 సెన్సర్, ఈసీయూకు (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కు) వెళ్లే 0–5 వోల్టుల అనలాగ్ తీగ, అప్పుడప్పుడు సెన్సర్‌ను ఎగ్జాస్టు నుంచి విప్పి బయటి గాలిలో కాలిబ్రేట్ చేయాలన్న షరతు. రెండోది ఎల్ఎస్‌యూ 4.9 సెన్సర్‌తో వచ్చింది. దీనికి గాలిలో కాలిబ్రేషన్ అక్కర్లేదు, అంకెలను క్యాన్ లైను (కారులోని కంప్యూటర్లు డిజిటల్‌గా మాట్లాడుకునే తీగలు) మీద నేరుగా ఈసీయూకు పంపుతుంది. గేజ్‌లను తయారుచేసిన కంపెనీల పేర్లు రాయడం లేదు. పైన డయల్ ఎవరిదైనా, నేను చెప్పబోయే గొడవల్లో చాలావరకు సెన్సర్‌వీ, వైరింగ్‌వీ. ఇంజన్ నాలుగు సిలిండర్లది. మొదట టర్బో లేకుండా నడిచింది, తరువాత టర్బో చేరింది.

14.7 దగ్గర ఎందుకు నమ్మవచ్చో తెలియాలంటే సెన్సర్ లోపల జరిగేది కాస్త తెలియాలి. పొగ ఒక సన్నని పొర గుండా వడిసి చిన్న గదిలోకి చేరుతుంది. ఆ గదిలో మిశ్రమం ఎప్పుడూ సరిసమానంగా, అంటే లాంబ్డా 1 (పెట్రోలుకు 14.7) దగ్గర ఉండేలా కంట్రోలర్ ఆక్సిజన్‌ను బయటికి తోడుతుంది, లేదా లోపలికి పంపుతుంది. సమానంగా ఉందా లేదా అని చెప్పేది గదిలోని మరో చిన్న సెల్. దాని వోల్టేజీ 450 మిల్లీవోల్టుల దగ్గర నిలిచిందంటే లెక్క కుదిరినట్టు. ఆక్సిజన్‌ను తోడడానికి ఎంత కరెంటు పట్టిందన్నదే కొలత. పొగ లీన్‌గా ఉంటే కరెంటు ఒక దిక్కున, రిచ్‌గా ఉంటే ఎదురు దిక్కున పారుతుంది. సరిగ్గా లాంబ్డా 1 దగ్గర తోడే పనే ఉండదు కాబట్టి కరెంటు దాదాపు సున్నా. ఇప్పుడు సెన్సర్ ముసలిదై, పొర మసితో సగం మూసుకుపోయి, కరెంటు పది శాతం తక్కువ పారుతోందనుకోండి. సున్నాలో పది శాతం సున్నాయే. 14.7 చెక్కుచెదరదు. అదే 11.5 దగ్గర తప్పు మొత్తం బయటపడుతుంది.

అందుకే ‘కంపెనీ నారోబ్యాండ్ సెన్సర్‌తో పోల్చి చూశాను, రెండూ 14.7 దగ్గర కలిశాయి, నా గేజ్ బంగారం’ అని ఎవరైనా అంటే నేను మాట్లాడకుండా ఊరుకుంటాను. నారోబ్యాండ్ కచ్చితంగా చెప్పగలిగేది 14.7కు అటా ఇటా అన్నదే. ఆ పరీక్షలో పాసవ్వని సెన్సర్ దాదాపు చచ్చిపోయినదే అయి ఉంటుంది.

టర్బో తరువాతి గొట్టంలో రెండు సెన్సర్లు పక్కపక్కనే పట్టేలా రెండు నట్లు వెల్డు చేయించాను. ఒకదానిలో చాలాకాలం పనిచేసిన 4.9, రెండోదానిలో అప్పుడే పెట్టె విప్పి తీసిన 4.9. రెండింటికీ ఒకే రకం కంట్రోలర్లు, అంకెలు రికార్డయ్యేది ఒకే లాగ్‌లో. నిలకడ వేగంతో వెళ్తున్నంతసేపూ రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టే ఉన్నాయి. ఫుల్ థ్రాటిల్‌లో కొత్తది 11.5 అంటే పాతది 11.8 అంది. బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి) పెరిగి మిశ్రమం మరింత రిచ్ అయిన కొద్దీ ఎడం పెరిగింది. మిశ్రమం మళ్లీ 13 దాటగానే గీతలు దగ్గరకు వచ్చేశాయి. మూసుకుపోయిన సెన్సర్ ఇలా అన్నింటినీ 14.7 వైపు లాగుతుంది. రిచ్‌ను తక్కువ రిచ్‌గా, లీన్‌ను తక్కువ లీన్‌గా చూపిస్తుంది. పాత సెన్సర్‌ను నమ్మి ట్యూన్ చేసినవారు అవసరానికి మించి ఇంధనం పోస్తారు. పవర్ కొంత పోతుంది, స్పార్క్ ప్లగ్గులు నల్లబడతాయి, ఇంజన్ మాత్రం బతుకుతుంది.

దీనికి ఎదురు దిక్కు తప్పు ఉంది, భయపడవలసింది దానికే. సెన్సర్‌ను టర్బోకు ముందు, మ్యానిఫోల్డులో బిగిస్తే అక్కడి ఒత్తిడి వల్ల పొర గుండా వడిసే వాయువు ఎక్కువవుతుంది, కరెంటు పెరుగుతుంది. అప్పుడు రిచ్ ఉన్నదానికంటే ఎక్కువ రిచ్‌గా కనిపిస్తుంది. నిజంగా 12.2 ఉన్నచోట 11.7 అని చూసి, ‘ఇంకా చోటుంది’ అనుకుని ఇంధనం తగ్గించేవారి కథ ఎక్కడికి వెళ్తుందో చెప్పనక్కర్లేదు. వేడి కూడా అక్కడ సెన్సర్ తట్టుకునే హద్దులకు చేరుతుంది. టర్బో తరువాత, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందు బిగించడమే మేలు.

పాత గేజ్‌కు గాలిలో చేసే కాలిబ్రేషన్‌తోనూ ఇదే చిక్కు. కంట్రోలర్ తన ముందున్న గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం అని గుడ్డిగా నమ్ముతుంది. అప్పటిదాకా ఇంజన్ నడిచిన షెడ్డులో, తలుపులు మూసి, సెన్సర్‌ను ఇంజన్ పక్కనే వేలాడదీసి బటన్ నొక్కితే అది పొగ కలిసిన గాలిని స్వచ్ఛమైన గాలిగా లెక్కేసుకుంటుంది. ఆపై చూపే ప్రతి అంకెనూ 14.7 నుంచి మరింత దూరం నెడుతుంది. కాలిబ్రేషన్ ఆరుబయట చేయాలి, ఇంజన్ చల్లారి చాలాసేపయ్యాక చేయాలి. 4.9కు ఆ పని లేదు. దాని కనెక్టర్‌లో ఒక చిన్న రెసిస్టర్ ఉంటుంది. ఫ్యాక్టరీలో ప్రతి సెన్సర్‌నూ కొలిచి దాని విలువను లేజర్‌తో సరిచేస్తారు. తీగ పొడవు చాలక ఆ కనెక్టర్‌నే కోసేసి తీగలు అతికించేవారిని చూశాను. కాలిబ్రేషన్‌ను చేతులారా చెత్తబుట్టలో వేయడమంటే అదే.

కొత్త 4.9కు బాష్ ఇచ్చే లెక్క లాంబ్డా 0.8 దగ్గర 0.01 అటూ ఇటూ, 1.7 దగ్గర 0.05 అటూ ఇటూ. పెట్రోలు అంకెల్లోకి మారిస్తే రిచ్ వైపు దాదాపు 0.15, బాగా లీన్ వైపు 0.7 పైనే. ఇది కొత్త సెన్సర్ సంగతి. డయల్ మీద 11.47 అని రెండు దశాంశాలు మెరుస్తుంటే చివరి అంకెను చదవడం దండగ. నా రెండో గేజ్‌లో ఒక్క దశాంశమే కనిపించేలా పెట్టుకున్నాను.

వైరింగ్ విషయానికి వద్దాం, మొదటి గేజ్ నన్ను ఎక్కువగా విసిగించింది ఇక్కడే. డయల్ మీద 11.8 ఉంటే ల్యాప్‌టాప్ లాగ్‌లో 11.8 ఉండేది. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలవగానే డయల్ కదిలేది కాదు, లాగ్ మాత్రం 12.0 అయ్యేది. ఫ్యాన్ ఆగితే మళ్లీ 11.8. గేజ్ ఎర్త్‌ను డాష్‌బోర్డు వెనక బాడీకి బిగించమని దాని మాన్యువల్‌లోనే ఉంది. ఈసీయూ ఎర్త్ ఇంజన్ మీద ఉంది. మల్టీమీటర్ నల్ల తీగను ఈసీయూ సెన్సర్ ఎర్త్ మీద, ఎర్ర తీగను గేజ్ ఎర్త్ మీద పెట్టి చూస్తే ఫ్యాన్ తిరిగినప్పుడు 90 మిల్లీవోల్టులు దాటి కనిపించాయి. 0 వోల్టులంటే 10, 5 వోల్టులంటే 20 అన్న స్కేలులో 0.1 వోల్టు తేడా వస్తే నిష్పత్తిలో 0.2 తేడా. లెక్క అచ్చంగా సరిపోయింది. సిగ్నల్ ఎర్త్ తీగను ఈసీయూ సెన్సర్ ఎర్త్‌కు మార్చాక డయల్, లాగ్ ఒక్కటయ్యాయి. క్యాన్ లైను మీద వచ్చేది అంకె కాబట్టి రెండో గేజ్‌లో ఈ బెడద పుట్టనే లేదు. ఒక్క ఈ కారణంగానే కొత్తగా కొనేవారికి అనలాగ్ గేజ్ వద్దంటాను.

గేజ్ నిజమే చెబుతున్నా మనం తప్పుగా చదివే సందర్భం మిస్‌ఫైర్. సెన్సర్‌కు తెలిసేది ఆక్సిజన్. సిలిండర్లో నిప్పు అంటుకోకపోతే ఇంధనంతోపాటు ఆక్సిజన్ కూడా కాలకుండా బయటికి వస్తుంది, గేజ్ లీన్ అంటుంది. టర్బో పెట్టిన కొత్తలో ఎక్కువ బూస్ట్ దగ్గర నా లాగ్‌లో 11.6, 11.7, ఆ వెంటనే 13.9, 14.4, మళ్లీ 11.6 అని వచ్చింది. ఇంధనం నిజంగా తగ్గితే అంకె ఇలా ఎగిరి దూకదు, ఓ క్రమంలో పైకి జరుగుతుంది. దానితోపాటు ఎగ్జాస్టులో పటపటమనే చప్పుడు. ప్లగ్ గ్యాప్‌ను 0.8 నుంచి 0.6 మిల్లీమీటర్లకు తగ్గించగానే ఆ అంకెలు మాయమయ్యాయి. అక్కడ ఇంధనం పోసి ఉంటే మిశ్రమం మరింత రిచ్ అయ్యేది, మిస్‌ఫైర్ ఎక్కువయ్యేది, గేజ్ ఇంకా లీన్ అనేది. ఐడ్లింగ్‌లో లీన్ చూపించి, లోడ్ పడగానే సర్దుకుంటే మాత్రం సెన్సర్‌కు ముందు ఎగ్జాస్టు జాయింటు ఎక్కడో గాలి పీలుస్తోందేమో చూడాలి.

ఏఎఫ్ఆర్ (గాలి-ఇంధనం నిష్పత్తి) అంకె కంటే లాంబ్డా వాడటం మంచిదని చెప్పేవారితో నేను ఏకీభవిస్తాను. గేజ్ కొలిచేది లాంబ్డానే, దాన్ని 14.7తో గుణించి చూపిస్తుంది. పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు అసలు సమ నిష్పత్తి దాదాపు 14.1, 85 శాతం దాకా ఇథనాల్ ఉండే ఇ85కు 9.8 చుట్టుపక్కల. అయినా డయల్ మీద 14.7 అనే వస్తుంది. లాంబ్డా 0.85 అంటే ఏ ఇంధనానికైనా 0.85 కాబట్టి గందరగోళం ఉండదు. అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది, అంతే.

అంకె ఆలస్యంగా రావడం కూడా ఉంది. పొగ గొట్టంలో ప్రయాణించి, సెన్సర్ స్పందించి, గేజ్ దాన్ని సగటు తీసి చూపేసరికి ఇంజన్ మ్యాప్‌లో (ఈసీయూలోని ఇంధనం పట్టికలో) వేరే గడిలోకి వెళ్లిపోయి ఉంటుంది. గేజ్ సగటు సెట్టింగును కనిష్ఠానికి తగ్గించి, లాగ్‌లో ఆలస్యాన్ని సరిచేసుకుని చదవాలి. ఐడ్లింగ్‌లో ఈ ఆలస్యం ఎక్కువ, పై ఆర్‌పీఎంలో తక్కువ.

ఇంకొకటి, గేజ్ ఎంత మంచిదైనా చెప్పలేనిది. నాలుగు సిలిండర్ల పొగ కలిశాక కొలుస్తున్నాం కాబట్టి అది సగటు మాత్రమే. మూడు సిలిండర్లు 11.5 దగ్గర, ఇంజెక్టర్ మూసుకుపోయిన నాలుగోది 13 దగ్గర ఉంటే గేజ్ 11.9 అంటుంది. చూడటానికి ముచ్చటైన అంకె. అందుకే ఫుల్ థ్రాటిల్ ట్యూనింగ్ అయ్యాక నాలుగు ప్లగ్గులనూ విప్పి పక్కపక్కన పెట్టి చూస్తాను, ఇంజెక్టర్లను ముందే బెంచి మీద పరీక్ష చేయిస్తాను.

రిచ్ వైపు సెన్సర్ ఆరోగ్యం తెలుసుకోవడానికి రోజువారీగా నేను చూసేది ఫ్యూయల్ కట్. గేరులో ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే ఈసీయూ ఇంజెక్టర్లను మూసేస్తుంది, ఎగ్జాస్టులోకి వట్టి గాలి వెళ్తుంది. నా రెండో గేజ్ ఆక్సిజన్ శాతాన్ని కూడా లాగ్‌లోకి పంపుతుంది. కొత్త సెన్సర్‌తో అక్కడ 21కి దగ్గరగా కనిపించేది. సెన్సర్ పాతబడిన కొద్దీ ఆ అంకె దిగుతూ వచ్చింది. అది లీన్ వైపు పరీక్షే అయినా, పొర మూసుకుపోతే రెండు వైపులా కరెంటు తగ్గుతుంది కాబట్టి ముందస్తు హెచ్చరికగా బాగా పనికొస్తుంది. 20 కంటే కిందికి దిగితే నేను సెన్సర్ మార్చేస్తాను.

సెన్సర్‌ను చంపేవి కొన్ని తెలిసినవే: సీసం కలిసిన రేసింగ్ ఇంధనం, సిలికాన్ సీలెంట్ ఆవిర్లు, ఆయిల్ తాగే ఇంజన్. తెలిసీ జనం పట్టించుకోనివి రెండు. సెన్సర్ లోపలి హీటర్‌కు కరెంటు ఇవ్వకుండా దాన్ని ఎగ్జాస్టులో వదిలేస్తే మసి పట్టి పాడవుతుంది. గేజ్ తీసేస్తే సెన్సర్ కూడా తీసి ఆ రంధ్రానికి మూత బిగించాలి. రెండోది, సెన్సర్‌ను గొట్టం అడుగున బిగించకూడదు. చల్లని ఎగ్జాస్టులో చేరిన నీటి చుక్క ఎర్రగా కాలిన పింగాణీ మీద పడితే అది పగులుతుంది. గడియారంలో 10కీ 2కీ మధ్య, పైవైపు ఉండాలి. చౌకగా దొరికే నకిలీ సెన్సర్ల గురించి ఒక్క మాట చాలు: కొనవద్దు.

రెండు గేజ్‌లలో ఇప్పుడు కారులో ఉన్నది రెండోది. రాత్రిపూట దాని వెలుతురు కళ్లలో గుచ్చుతుంది, తగ్గించే సెట్టింగు మూడు మెనూల లోపల దాక్కుని ఉంది, అదొక్కటే ఫిర్యాదు. పెట్టెలో కొత్త సెన్సర్ ఒకటి ఎప్పుడూ ఉంచుకుంటాను. బూస్ట్ పెంచే ముందు దాన్ని బిగించి, పాతదానితో పోల్చి, తేడా 0.2 దాటితే పాతదాన్ని పక్కన పెడతాను. కంపెనీ ఈసీయూ, కంపెనీ ఇంజెక్టర్లతో మార్పులేమీ లేకుండా నడిచే కారుకు ఈ ఖర్చు అక్కర్లేదు. ఇంజెక్టర్లనో, టర్బోనో మార్చదలచినవారు మాత్రం క్యాన్ అవుట్‌పుట్ ఉన్న గేజ్, అసలైన 4.9 సెన్సర్లు రెండు కలిపి ఒకేసారి కొనుక్కోవడం మంచిది.