ఆరు ఫెర్రీల దారి: కాంపర్‌వ్యాన్‌లో నార్వే తీరం వెంట

హాంబర్గ్‌లో అద్దెకు తీసుకున్న, పడకా వంటగదీ ఉన్న కాంపర్‌వ్యాన్‌లో జూన్ నెలలో 19 రోజులపాటు డెన్మార్క్, నార్వే, స్వీడన్ తిరిగి వచ్చాం. నేను, నా భార్య, రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా అత్తగారు, వెరసి ముగ్గురం. బయలుదేరే ముందు చర్చంతా ఏయే చోట్లు చూడాలన్నదాని మీదే నడిచింది. దారిన పడ్డాక మాత్రం ప్రతి సాయంత్రం తేల్చుకోవలసినవి మూడే: బండి ఎక్కడ ఆపుకోవచ్చు, మంచినీళ్లు ఎక్కడ పట్టుకోవాలి, టాయిలెట్ పెట్టె ఎక్కడ ఖాళీ చేయాలి. ఈ మూడింటికీ జవాబు సులువుగా దొరికిన ఊళ్లే మాకు నచ్చిన ఊళ్లయ్యాయని ఇప్పుడు వెనక్కి చూసుకుంటే అర్థమవుతోంది.

డెన్మార్క్ కొసన ఉన్న హిర్ట్‌స్‌హాల్స్ రేవు నుంచి నార్వేలోని క్రిస్టియాన్‌సాన్‌కు ఫెర్రీలో సుమారు మూడుంపావు గంటల ప్రయాణం. నార్వే ఐరోపా సమాఖ్యలో సభ్యదేశం కాదు కాబట్టి కస్టమ్స్ నిబంధనలు వేరు. ముఖ్యంగా ప్రయాణికులు బంగాళాదుంపలు తీసుకురాకూడదన్న నిషేధం ఉంది. వేపుడు కోసం మా అత్తగారు ఏరి మరీ కొన్న మూడు కిలోల దుంపలను రేవులోనే వదిలేయాల్సి వచ్చింది. ఆమె ఆ సంగతి ఉత్తర నార్వేలోని లోఫోటెన్ దీవుల దాకా మరచిపోలేదు.

బండి మొత్తం బరువు 3.5 టన్నుల లోపే కనుక మామూలు కారు లైసెన్సు సరిపోయింది. అద్దె సంస్థతో వచ్చిన చిక్కల్లా గ్యాస్ దగ్గరే. ఇచ్చిన రెండు సిలిండర్లలో ఒకటి దాదాపు ఖాళీ అని మూడో రోజు రాత్రి, హీటర్ ఆగిపోయి చలికి మెలకువ వచ్చినప్పుడు తెలిసింది. జర్మనీ సిలిండర్ ఇచ్చి నార్వేలో నిండుది తీసుకోవడం కుదరదు, అక్కడి సిలిండర్లు, వాటి బిగింపులు వేరు. ఉన్న గ్యాస్‌ను హీటర్‌కే దాచుకుని, అప్పటినుంచి ఉమ్మడి వంటగది ఉన్న క్యాంప్‌సైట్లనే వెతుక్కుంటూ వెళ్లాం. బండి చేతికి తీసుకునేటప్పుడు సిలిండర్లు రెండూ ఎత్తి చూసుకోమని కొత్తవారికి గట్టిగా చెబుతాను.

ట్రాన్‌హైమ్ దాకా తొందరగానే వెళ్లిపోయాం. అక్కడి నుంచి బోడోకు రెండు దారులు: ఒకటి లోపలగా పోయే ఈ6 రహదారి, రెండోది స్టైన్‌షేర్ దగ్గర మొదలై తీరం పట్టుకుని పోయే 17వ నంబరు రోడ్డు. రెండోదాని పొడవు దాదాపు 650 కిలోమీటర్లు, మధ్యలో ఆరు ఫెర్రీలు. ఈ6 మీద గట్టిగా నడిపితే ఒక రోజులో తేలిపోయే పనికి మేము ఐదు రోజులు ఖర్చుపెట్టాం; ఈ యాత్ర మొత్తంలో సరిగ్గా తీసుకున్న నిర్ణయం అదే. ఈ ఫెర్రీలకు ముందుగా టికెట్టు కొనుక్కునే పని లేదు. వచ్చిన వరుసలో బండి నిలబెట్టడమే, కెమెరా నంబరు ప్లేటు చదువుకుంటుంది, బిల్లు తరువాత వస్తుంది. గోదావరి మీద పంటు కోసం రేవులో ఎదురుచూసిన అలవాటున్న మా అత్తగారికి ఈ పద్ధతి వెంటనే నచ్చింది. వరుసలో ఉన్న ఆ అరగంటలోనే ఆమె కూర తరిగేసేవారు.

చిల్‌బోగ్‌హామ్ నుంచి యెక్ట్‌విక్‌కు సుమారు గంటసేపు సాగే ఫెర్రీ ఆర్కిటిక్ వృత్తాన్ని దాటుతుంది. ఒడ్డున ఒక లోహపు భూగోళం గుర్తుగా కనిపిస్తుంది. బ్రొన్నొయ్‌సుండ్ దగ్గరి తోర్గ్‌హట్టెన్ కొండకు ఈ పక్క నుంచి ఆ పక్కకు 160 మీటర్ల పొడవైన సహజమైన సొరంగం ఉంది. అందులోకి నడిచి వెళ్లి అవతలి సముద్రాన్ని చూడవచ్చు. దారిలో ఉరెడ్‌ప్లాసెన్ అనే విరామస్థలం ఉంది, 1943లో మునిగిపోయిన నార్వే జలాంతర్గామి ఉరెడ్ స్మారకం పక్కనే. అక్కడి మరుగుదొడ్డిని అల ఆకారంలో కాంక్రీటుతో, మసక గాజుతో 2018లో కట్టారు. లోపల కూడా అద్దంలా శుభ్రంగా ఉంది. ఇల్లు వెంట తీసుకుని తిరిగేవాడికి ఇది చిన్న సౌకర్యం కాదు.

నార్వేలో ఎక్కడైనా ఆగి నిద్రపోవచ్చన్న మాటను చాలామంది సగమే విని వస్తారు. 1957 నాటి చట్టం ఇచ్చే హక్కు కాలినడకవారికి, గుడారాలకు సంబంధించినది: ఇళ్లకు 150 మీటర్ల దూరంలో, సాధారణంగా రెండు రాత్రుల వరకు. వాహనాన్ని రోడ్డు దించి గడ్డి మీదికి తోలడానికి అది అనుమతి కాదు. లోఫోటెన్‌లో ఈ తేడా బాగా తెలిసివచ్చింది. బోడో నుంచి ఆ దీవుల్లోని మోస్కెనెస్‌కు వెళ్లే ఫెర్రీలో మాత్రం ముందుగా చోటు రిజర్వు చేసుకోవడం మేలు. దిగాక ఈ10 రోడ్డు వెంట మంచి చోటు కనిపించినచోటల్లా రాత్రి బండ్లు ఆపరాదన్న బోర్డు ఉంది. చివరకు మేము దిగిన క్యాంప్‌సైట్ కరెంటుతో కలిపి 450 క్రోనర్లు తీసుకుంది. బండికీ బండికీ మధ్య తలుపు తెరిచేంత జాగా కూడా లేదు. వేడినీళ్లకు నాణెం వేయాలి, ఒళ్లంతా సబ్బుతో ఉన్నప్పుడే అవి ఆగిపోతాయి. దక్షిణాన ఫెర్రీ రేవు పక్క చిన్న క్యాంప్‌సైట్‌లో దీనికంటే 100 క్రోనర్లు తక్కువకే వంటగది, ఉచిత స్నానం, కిటికీలోంచి సముద్రం దొరికాయి.

అయినా లోఫోటెన్‌లోని రేనె ఊరిని చూడకుండా రమ్మని ఎవరికీ చెప్పలేను. కాడ్ చేపలను ఉప్పు లేకుండా చలిగాలికే ఎండబెట్టే కర్రల పందిళ్లు అప్పటికి చాలావరకు ఖాళీ అయ్యాయి, తలకాయలు మాత్రం కొన్ని దండలుగా వేలాడుతున్నాయి. వాటిని ఎక్కువగా నైజీరియాకు పంపుతారు. ఆ వాసనకు మా అత్తగారు ముక్కు మూసుకోలేదు సరిగదా, "మన సంతలో లాగే ఉంది" అన్నారు.

నార్విక్ మీదుగా స్వీడన్‌లోకి దాటాక ఖర్చు తగ్గింది, దోమలు పెరిగాయి. కిరునా పరిసరాల్లో దోమతెర లేని కిటికీ తెరవడం అసాధ్యం. రహదారి పక్కన మరుగుదొడ్డి, బల్లలు ఉన్న విరామస్థలాల్లో ఒక రాత్రి నిద్రపోతే ఎవరూ అభ్యంతరపెట్టలేదు. మేము ఆగిన నాలుగూ శుభ్రంగానే ఉన్నాయి, కాకపోతే తెల్లవార్లూ లారీల చప్పుడు.

అర్ధరాత్రి సూర్యుడున్న చోట సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలన్నది మా అత్తగారికి తెగని ప్రశ్నయింది. గడియారం చూసి ఆరున్నరకు పెట్టడానికి ఆమె ఒప్పుకోలేదు. దక్షిణ స్వీడన్‌లో వెట్టర్న్ సరస్సు ఒడ్డున, రాత్రి పది దాటాక సూర్యుడు నిజంగానే నీళ్లలోకి దిగినప్పుడు, బండి బయట మడత బల్ల మీద ప్రమిద పెట్టారు. గాలికి అది రెండుసార్లు ఆరిపోయింది. మూడోసారి కుక్కర్ గిన్నె అడ్డం పెట్టాం.