హైవే పొడవునా లైట్లా, కూడళ్ల దగ్గరేనా, రేడియం స్టిక్కర్లా: ఏది మేలు?

రాత్రి పూట పెద్ద ప్రమాదం జరిగిన ప్రతిసారీ, హైవే అంతా లైట్లు వేయాలన్న డిమాండ్ వస్తుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు అలాగే వేశారు. విజయవాడ హైవే మీద ఊళ్లు, కూడళ్లు, టోల్ ప్లాజాలు దాటితే చాలావరకు చీకటే. అయినా అక్కడ పొడవునా స్తంభాలు నాటడం మొదటి పని కాదని నా అభిప్రాయం.

గంటకు 80 కి.మీ. వేగమంటే సెకనుకు 22 మీటర్లు. ఎదురుగా మనిషి ఉన్నాడని గుర్తించి బ్రేక్ తొక్కడానికి రెండు సెకన్లు పట్టినా 44 మీటర్లు దాటిపోతాం. బండి ఆగడానికి పట్టే దూరం దానికి అదనం. ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి హెడ్‌లైట్ల లో బీమ్‌లో (డిమ్ చేసిన వెలుగులో) అంత దూరం నుంచి కనబడటమే కష్టం. కాబట్టి జనం రోడ్డు దాటేచోట, పక్క ఊరి రోడ్డు వచ్చి కలిసేచోట లైట్లు ఉండి తీరాలి. దీని మీద బేరం లేదు.

ఔటర్ మీద పాదచారులకు, బైకులకు అనుమతి లేదు. అంటే లైటు ఎక్కువ అవసరమైన మనుషులు ఉన్నది ఊళ్ల మధ్య నుంచి పోయే హైవేల మీదే.

ఊరు దాటాక డ్రైవరుకు కావాల్సింది రోడ్డు అంచు, ముందున్న బండి కనబడటం. రోడ్డు అంచు చూపే పని క్యాట్ ఐస్, అంటే హెడ్‌లైట్ పడితే మెరిసేలా రోడ్డు మీద బిగించే చిన్న దిమ్మెలు, చేస్తాయి. ఇంగ్లండ్‌లో పెర్సీ షా వీటికి 1934లో పేటెంట్ తీసుకున్నారు. వీటికి కరెంటు అక్కర్లేదు. వానలో తెల్ల గీతలు నీటి కింద మాయమైనా, ఎత్తుగా ఉండే ఇవి మెరుస్తూనే ఉంటాయి. లైటు స్తంభాలతో ఇంకో చిక్కుంది: అదుపు తప్పిన కారు వెళ్లి స్తంభానికే గుద్దుకోవచ్చు.

ఇంగ్లండ్, వేల్స్‌లో 62 స్థానిక సంస్థల 2000–2013 లెక్కలు పరిశీలిస్తే, వీధి దీపాలు ఆపినా తగ్గించినా ప్రమాదాలు పెరిగినట్టు ఆధారం దొరకలేదు. ఆ ఫలితాన్ని మన రోడ్లకు ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం. అక్కడ లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు ఎదురుకావు.

‘ఆగి ఉన్న లారీని ఢీకొని’ అన్న వార్త మనం ఎన్నిసార్లు చదివామో! ఆ లారీకి వెనక శుభ్రమైన రేడియం స్టిక్కర్ ఉంటే హెడ్‌లైట్ పడగానే దూరం నుంచే తెలుస్తుంది. కాకపోతే దుమ్ము పట్టినా, పైనుంచి గడ్డి వేలాడినా అది పనిచేయదు. టోల్ ప్లాజాల దగ్గర ఆపి, తుడిపించి, లేనివాళ్లకు అక్కడే అంటించాలి.

నేనైతే డబ్బు ముందు కూడళ్ల లైట్లకు, స్టిక్కర్లకు, క్యాట్ ఐస్‌కు పెడతాను. మిగిలితే ప్రమాదకరమైన మలుపులకు. పొడవునా లైట్లు ఆ తర్వాతే.