చిన్న ఊరి హాకీ జట్టుకు ఏ యజమాని మేలు? హెర్షీ, స్ప్రింగ్‌ఫీల్డ్, మాంచెస్టర్ చెప్పే కథ

2015 జూన్‌లో మాంచెస్టర్ మోనార్క్స్ జట్టు కాల్డర్ కప్ గెలిచింది. ఇది ఇంగ్లండ్ మాంచెస్టర్ కాదు, అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ఊరు. మైనర్ లీగ్ ఐస్ హాకీలో కాల్డర్ కప్పే అన్నిటికన్నా పెద్దది. కానీ ఆ జట్టు వచ్చే సీజన్ నుంచి కాలిఫోర్నియాకు వెళ్ళిపోతుందని అప్పటికి కొన్ని నెలల ముందే ప్రకటించేశారు. జట్టు యజమాని ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఉత్తర అమెరికాలో ఐస్ హాకీకి అన్నిటికన్నా పెద్ద లీగ్‌లో, ఆడే లాస్ ఏంజెలెస్ కింగ్స్. తమ కుర్రాళ్ళు తమకు దగ్గరలో ఉండాలని వాళ్ళు అనుకున్నారు. 2001 నుంచి టికెట్లు కొని చలికాలమంతా అరిచి ప్రోత్సహించిన ఊరివాళ్ళ మాట ఆ లెక్కలోకి రాలేదు. వాళ్ళకు కప్పూ, వీడ్కోలూ ఒకే ఏడాది అందాయి.

అందుకే మైనర్ లీగ్ జట్ల చరిత్రలో నేను ముందుగా చూసేది కప్పుల సంఖ్యను కాదు, జట్టు ఎవరి చేతిలో ఉందన్నదాన్ని. ఊళ్ళోనే పాతుకుపోయిన కంపెనీయా, ఒక్క మనిషా, ఎన్‌హెచ్‌ఎల్ జట్టేనా, స్థానికుల బృందమా? వీటిలో ఏది మేలో తేల్చాలంటే హెర్షీ, స్ప్రింగ్‌ఫీల్డ్ చరిత్రలను పక్కపక్కన పెట్టి చూడాలి.

ముందు ఈ లీగ్ పద్ధతి రెండు ముక్కల్లో చెప్తాను. పైన ఎన్‌హెచ్‌ఎల్, దాని కింద అమెరికన్ హాకీ లీగ్, అంటే ఏహెచ్‌ఎల్, దాని కింద ఈసీహెచ్‌ఎల్. ఏహెచ్‌ఎల్‌లో ఉన్న 32 జట్లలో ఒక్కోదానికి ఒక్కో ఎన్‌హెచ్‌ఎల్ జట్టుతో ఒప్పందం ఉంటుంది. ఆటగాళ్ళలో ఎక్కువమంది పై జట్టువాళ్ళే. పైన ఎవరికైనా దెబ్బ తగిలితే కింద ఆడుతున్న కుర్రాడికి ఫోన్ వస్తుంది, బ్యాగు సర్దుకుని బయల్దేరతాడు. అంటే కింది జట్టు యజమాని చేతిలో ఆటగాళ్ళ కన్నా రింకు (ఐస్ మైదానం), టికెట్లు, ఊరివాళ్ళ అభిమానమే ఎక్కువగా ఉంటాయి.

పెన్సిల్వేనియాలోని హెర్షీ, ఒక చాక్లెట్ ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన ఊరు. హెర్షీ బేర్స్ మూలాలు 1930ల మొదట్లోనే ఉన్నాయి. 1936లో, మాంద్యం రోజుల్లో, ఫ్యాక్టరీ స్థాపకుడు మిల్టన్ హెర్షీ ఊళ్ళో పెద్ద ఎరీనా కట్టించాడు. లోపల ఒక్క స్తంభం కూడా లేని కాంక్రీటు పైకప్పు దానిది. 1962లో విల్ట్ చాంబర్లిన్ ఒకే బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో 100 పాయింట్లు చేసింది కూడా ఆ పైకప్పు కిందే. బేర్స్ 1938లో ఏహెచ్‌ఎల్‌లో చేరింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఊరు మారలేదు, పేరు మారలేదు. ఆ లీగ్‌లో ఇంత సుదీర్ఘ చరిత్ర మరో జట్టుకు లేదు. యజమాని హెర్షీ ఎంటర్‌టైన్‌మెంట్ అండ్ రిసార్ట్స్. పార్కు, హోటళ్ళు, హాకీ జట్టు అన్నీ ఆ కంపెనీవే.

ఇక్కడ పై జట్లు మారిపోతూ వచ్చాయి. 1984 నుంచి హెర్షీతో ఉన్న ఫిలడెల్ఫియా ఫ్లైయర్స్ 1996లో తెగతెంపులు చేసుకుని, ఫిలడెల్ఫియాలోనే ఫాంటమ్స్ అనే సొంత జట్టు పెట్టుకుంది. హెర్షీ వెంటనే కొలరాడో అవలాంచ్‌తో ఒప్పందం చేసుకుని, మరుసటి ఏడాదే, 1997లో, కప్పు కొట్టింది. 2005లో కొలరాడో కూడా వెళ్ళిపోయింది, వాషింగ్టన్ క్యాపిటల్స్ వచ్చింది. 2006లో మళ్ళీ కప్పు! పై జట్టు వదిలేసిన రెండుసార్లూ ఏడాది తిరక్కుండా ఊరేగింపు చేసుకున్న ఊరు ఇది. నాకు ఈ లీగ్ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. 2023, 2024 విజయాలతో కలిపి మొత్తం 13 కాల్డర్ కప్పులయ్యాయి.

మరి హెర్షీని వదిలి వెళ్ళిన ఫాంటమ్స్ సంగతి? రెండు కప్పులు గెలిచినా, ఫిలడెల్ఫియాలో వాళ్ళు ఆడే స్పెక్ట్రమ్ స్టేడియాన్ని కూల్చాలని నిర్ణయించడంతో 2009లో జట్టు చేతులు మారింది. న్యూయార్క్ రాష్ట్రంలోని గ్లెన్స్ ఫాల్స్‌కు వెళ్ళి, 2014లో మళ్ళీ పెన్సిల్వేనియాకు, అలెన్‌టౌన్‌కు చేరింది.

హెర్షీలో మనుషులు కూడా నిలబడ్డారు. ఫ్రాంక్ మాథర్స్ 1956లో ఆటగాడిగా, కోచ్‌గా వచ్చి, జనరల్ మేనేజరై, ప్రెసిడెంటై, 1991లో గానీ వెళ్ళలేదు. 2001లో మొదలైన టెడ్డీ బేర్ల సంబరం చూస్తే ఊరికీ జట్టుకూ ఉన్న బంధం తెలుస్తుంది. ఆ రోజు సొంత జట్టు మొదటి గోల్ కొట్టగానే ప్రేక్షకులు బొమ్మలు ఐస్ మీదికి విసురుతారు. అవన్నీ సేవాసంస్థలకు వెళ్తాయి. 2025 జనవరిలో లెక్క 1,02,343 బొమ్మలకు చేరింది. జట్టు ఇప్పుడు ఆడే కొత్త ఎరీనాలో పట్టేది సుమారు పదివేల అయిదువందల మంది. సగటున మనిషికి దాదాపు పది బొమ్మలన్నమాట!

స్ప్రింగ్‌ఫీల్డ్ కథ వేరు. మసాచుసెట్స్‌లోని ఈ ఊళ్ళో ఇండియన్స్ అనే జట్టు 1926లోనే మొదలైంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో బోస్టన్ బ్రూయిన్స్ తరఫున ఆడి, ఆ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీని నాలుగుసార్లు అందుకున్న ఎడ్డీ షోర్ 1939లో దాన్ని కొన్నాడు. ఆటలో అతను మహామహుడు, యజమానిగా నిరంకుశుడు. కింద పడకుండా ఉండటం నేర్పడానికి గోలీ మెడకు తాడు వేసి గోల్‌పోస్టు అడ్డకడ్డీకి కట్టేవాడని చెప్తారు. జట్టులో చోటు దక్కని ఆటగాళ్ళతో రింకులో చిల్లర పనులు చేయించేవాడు. అయినా 1960, 61, 62లలో అతని జట్టు వరసగా మూడు కాల్డర్ కప్పులు గెలిచింది. ఆ లీగ్‌లో హ్యాట్రిక్ కొట్టిన జట్టు నేటికీ అదొక్కటే.

1966 డిసెంబరులో షోర్ ముగ్గురు ఆటగాళ్ళను సస్పెండ్ చేస్తే మిగతావాళ్ళంతా ఆడబోమని కూర్చున్నారు. వాళ్ళ తరఫున మాట్లాడటానికి వచ్చిన లాయరు అలన్ ఈగల్సన్. షోర్ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. ఆ గెలుపు ఊపుతో 1967లో ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ళ సంఘం పుట్టింది, ఈగల్సన్ దాని పెద్ద అయ్యాడు. (తర్వాతి కాలంలో అతనే మోసం కేసులో జైలుకు వెళ్ళాడు.) ఒక్క మనిషి చేతిలో జట్టు ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. మంచి రోజుల్లో హ్యాట్రిక్, చెడ్డ రోజుల్లో ఆటగాళ్ళకు నరకం. రెండూ ఆ మనిషి స్వభావాన్ని బట్టే.

షోర్ తర్వాత కూడా ఇండియన్స్ కప్పులు గెలిచింది. 1990లో న్యూయార్క్ ఐలాండర్స్‌తో ఒప్పందంలో ఉండగా ఒకటి, మరుసటి ఏడాది హార్ట్‌ఫర్డ్ వేలర్స్‌తో ఇంకొకటి. పై జట్టు మారినా గెలవడంలో హెర్షీకి ఏమీ తీసిపోలేదు. కానీ మూడేళ్ళకే, 1994లో, ఆ ఫ్రాంచైజీ అమ్ముడుపోయి వూస్టర్‌కు తరలింది. అక్కడితో ఆగలేదు. 2005లో ఇల్లినాయ్‌లోని పియోరియాకు, 2013లో యూటికాకు, 2021లో కెనడాలోని అబ్బోట్స్‌ఫర్డ్‌కు వెళ్ళింది. 2015లో మాంచెస్టర్ చేతిలో ఫైనల్ ఓడింది యూటికాలో ఉన్న ఈ ఫ్రాంచైజీయే. 2025లో అబ్బోట్స్‌ఫర్డ్ పేరుతో కాల్డర్ కప్ గెలిచినదీ ఇదే.

ఎన్‌హెచ్‌ఎల్ యాజమాన్యానికి ఉన్న బలం కూడా అబ్బోట్స్‌ఫర్డ్‌లోనే కనిపిస్తుంది. యజమాని వాంకూవర్ కెనక్స్, రెండు ఊళ్ళ మధ్య కారులో గంట, గంటన్నర. కుర్రాడు పొద్దున ఇక్కడ ప్రాక్టీస్ చేసి రాత్రికి అక్కడ ఆడొచ్చు. రెండుచోట్లా ఒకే ఆటతీరు, ఒకే లెక్క. నేను ఇరవై ఏళ్ళ ఆటగాణ్ణయితే, లేదా అలాంటి కుర్రాడి తల్లినో తండ్రినో అయితే, కళ్ళు మూసుకుని దీన్నే ఎంచుకుంటాను. ఆస్టిన్ దగ్గర సీడర్ పార్క్‌లో ఆడే టెక్సస్ స్టార్స్‌ది కూడా ఇదే పద్ధతి. అక్కడ యజమాని డాలస్ స్టార్స్. ఆ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ఈ లీగ్ చూడటానికి అందుబాటులో ఉన్న జట్టు అదే, 2014లో కప్పు గెలిచింది కూడా. అయితే ఆ ఎరీనా ఊరిదే, సీడర్ పార్క్ నగరపాలక సంస్థది. ఊరికి ఆ మాత్రం పట్టు ఉండాలి.

ఊరి వైపు నుంచి చూస్తే మాత్రం నా తీర్పు మారుతుంది. జట్టు వెళ్ళిపోతే యజమానికి నష్టమా, కాదా? హెర్షీ కంపెనీకి నష్టం, ఎందుకంటే అది అమ్మేదే ఆ ఊరిని. కింగ్స్‌కు నష్టం లేదు, కలిసొచ్చింది కూడా. 1994లో ఇండియన్స్‌ను స్ప్రింగ్‌ఫీల్డ్‌కు కట్టిపడేసేదేమీ లేదు. కాబట్టి ఊరికి అన్నిటికన్నా మేలు హెర్షీ పద్ధతే. కాకపోతే ఊరంతటినీ తానే నిలబెట్టిన కంపెనీ అన్ని ఊళ్ళకూ దొరకదు.

మామూలు ఊరు చేయగలిగింది స్ప్రింగ్‌ఫీల్డే ఆ తర్వాత చేసి చూపించింది. ఇండియన్స్ పోయాక వచ్చిన ఫాల్కన్స్ జట్టును 2016లో అరిజోనా కొయోటీస్ కొని టూసాన్‌కు పట్టుకుపోయింది. అప్పుడు ఊళ్ళో వ్యాపారులు కొందరు కలిసి డబ్బు వేసుకుని ఇంకో ఫ్రాంచైజీని కొని థండర్‌బర్డ్స్ పేరుతో తెచ్చుకున్నారు. ఫ్లోరిడా పాంథర్స్‌తో ఒప్పందం పోయినా సెయింట్ లూయిస్ బ్లూస్‌తో కొత్తగా కుదుర్చుకుని 2022లో ఫైనల్ దాకా వెళ్ళారు. పై జట్టు మారింది, ఊళ్ళో జట్టు ఉండిపోయింది. హెర్షీ చేసిన పనే, తక్కువ డబ్బుతో.

దీనికి మూల్యం చెల్లించినవాళ్ళూ ఉన్నారు. స్ప్రింగ్‌ఫీల్డ్ కొన్న ఆ ఫ్రాంచైజీ మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ పైరేట్స్. పోర్ట్‌లాండ్‌కు రెండేళ్ళపాటు హాకీయే లేదు. 2018లో ఒక మెట్టు కింద, ఈసీహెచ్‌ఎల్‌లో, మెరైనర్స్ జట్టు వచ్చింది. స్థానికుల యాజమాన్యమే మేలని నేను గట్టిగా నమ్ముతాను గానీ, అది ఎవరి ఊరి స్థానికులకు మేలు అన్న ప్రశ్న పోర్ట్‌లాండ్‌వాళ్ళు అడిగితే నా దగ్గర పూర్తి జవాబు లేదు.