పెన్షన్ వస్తోంది, మిగతా డబ్బు రావడం లేదు

పెన్షన్ చెల్లింపుల కార్యాలయం సేవకు ఐదుకు రెండు నక్షత్రాలు. ఆ రెండూ కౌంటర్లో ఉన్న జూనియర్ అసిస్టెంట్ అమ్మాయికి. నా సర్వీస్ రిజిస్టర్‌లో ఒక ఇంక్రిమెంట్ ఎంట్రీకి సంతకం లేకపోతే, "మీరు కూర్చోండి మాస్టారూ" అని తనే పై సీటుకు వెళ్లి వేయించుకొచ్చింది.

నెల పెన్షన్ మొదలైంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ముందే ఒకేసారి ఇచ్చే మొత్తం), సంపాదిత సెలవుల డబ్బు మాత్రం రాలేదు. బిల్లులు పాసయ్యాయి, టోకెన్ నంబర్లు వచ్చాయి, ఖాతాలో ఏమీ పడలేదు. అన్నిటికన్నా కడుపు మండేది జీపీఎఫ్ (ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధి) విషయంలో. అది నెలనెలా నా జీతంలోంచే కోసి దాచిన సొమ్ము. దాన్ని నమ్ముకునే ఇంటి అప్పు తీర్చేద్దామనుకున్నాం. ఇప్పుడు వచ్చే పెన్షన్‌లో సగం ఆ వాయిదాకే పోతోంది.

నాతో రిటైరైన తెలుగు పండితులవారికి గుండె ఆపరేషన్ అవసరమైంది. డాక్టరు కాగితాలు జతచేసినా బిల్లు వరుసలో ముందుకు జరగలేదు. అలాంటివాళ్లకైనా ముందు ఇవ్వాలి కదా!

కొత్తగా వెళ్లేవాళ్లు ప్రతి అర్జీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆలస్యానికి వడ్డీ కూడా రాతపూర్వకంగా అడగండి. పెన్షన్ దయతో ఇచ్చేది కాదని సుప్రీంకోర్టు 1982లో నకారా కేసులోనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో వాయిదా వేసిన జీతాలు, పెన్షన్లకు 6 శాతం వడ్డీ చెల్లించమని 2021లో ఆదేశించింది. కౌంటర్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు, మనమే అడగాలి.