సపోర్ట్ ఎట్ హోమ్: అమ్మ ఊరెళ్ళొచ్చేసరికి డబ్బు లేదు

మా అమ్మకి 2022 నుంచి ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇచ్చే హోమ్ కేర్ ప్యాకేజీ ఉంది, లెవెల్ 2. అంటే పెద్దవాళ్ళకి ఇంట్లోనే సాయం అందడానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు. మెల్‌బోర్న్‌లో మాతోనే ఉంటుంది. 2025 నవంబర్ 1న అది సపోర్ట్ ఎట్ హోమ్‌గా మారింది.  నా బాధంతా ఒక్కదాని గురించే: మూడు నెలల బడ్జెట్. అంటే జనవరి–మార్చి, ఏప్రిల్–జూన్ ఇలా మూడేసి నెలలకి డబ్బు విడివిడిగా ఇస్తారు.

పాత పద్ధతిలో వాడని డబ్బు అలాగే జమ అయ్యేది. అమ్మ ఏటా సంక్రాంతికి తెనాలి వెళ్తుంది. ఎక్కువ రోజులుంటే జమ తగ్గేది కానీ, ఎంతో కొంత మిగిలేది. అలా మిగిలిన దానితోనే 2024లో బాత్రూమ్‌లో గట్టు తీయించి, గోడకి పట్టుకునే కడ్డీలు పెట్టించాం. ఇప్పుడు వచ్చే మూడు నెలలకి మిగుల్చుకోగలిగేది 1,000 డాలర్లు, లేదా ఆ బడ్జెట్‌లో 10 శాతం, ఏది ఎక్కువైతే అది. మాకు వెయ్యే. మిగతాది పోయినట్టే.

ఈ ఏడాది జనవరి మొదట్లో వెళ్ళి, ఉగాది చేసుకుని మార్చి ఆఖరున వచ్చింది. వచ్చేముందు వారం అక్కడ మెట్టు మీద కాలు జారింది. ఎముక విరగలేదు, కానీ ఒక్కతే స్నానం చేయలేని పరిస్థితి. జనవరి నుంచి మార్చి దాకా పైసా వాడలేదు కదా అన్న ధైర్యంతో రోజూ పొద్దున స్నానం చేయించే కేరర్‌ని పంపమని మా ప్రొవైడర్‌ని, అంటే ఈ సేవలు అందించే సంస్థని, అడిగాను. ఏడు వారాలు బాగా గడిచింది. వచ్చేది నేపాలీ అమ్మాయి. కొబ్బరినూనె సీసాని వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబెట్టి, నూనె కరిగేలోపు అమ్మ చీర తీసి పెట్టేది. "మెల్లగా అమ్మా" అన్న రెండు మాటలూ నేర్చుకుంది.

మే నెలలో ప్రొవైడర్ నుంచి ఫోన్. బడ్జెట్ అయిపోవచ్చింది, జూన్ 30 దాకా వారానికి ఒక్కరోజే పంపగలమన్నారు. జనవరి డబ్బు సంగతి అడిగితే, వెయ్యి కలిపామండీ, అదీ అయిపోయింది అన్నారు.

స్నానం చేసి దీపం పెట్టందే అమ్మ కాఫీ కూడా ముట్టుకోదు. నా భార్యకి ఆస్పత్రిలో పొద్దుటి డ్యూటీ, తను వచ్చేసరికి నాలుగు. నాతో స్నానం చేయించుకోవడానికి అమ్మ ఒప్పుకోదు, అడగడానికి నాకూ నోరు రాలేదు. మేమే డబ్బిచ్చి ఇంకో రోజు పెట్టించాం. మిగతా ఐదు రోజులూ ఆరువారాల పాటు దేవుడి గూటి ముందు కుర్చీలో అలా కూర్చునేది, సాయంత్రం దాకా. "నేనక్కడున్నన్నాళ్ళూ వాళ్ళకి ఖర్చే లేదు కదరా, మరి ఆ డబ్బేమైంది?" అని అడిగింది. ఏం చెప్పను?

మొదట్లో, ప్రొవైడర్ లెక్కలు చూసినందుకు తీసుకునే ప్యాకేజీ మేనేజ్‌మెంట్ ఛార్జీ ఎత్తేశారని, సేవలు ఏర్పాటు చేసినందుకు తీసుకునే కేర్ మేనేజ్‌మెంట్ ఛార్జీ 10 శాతానికి ఆపేశారని తెలిసినవాళ్ళందరికీ గొప్పగా చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. మా ప్రొవైడర్ గంట రేటు 72 డాలర్ల నుంచి 104 అయింది. అంటే అదే డబ్బుకి గంటలు తగ్గాయి.

అయినా మా పరిస్థితి నయమే. అమ్మది పూర్తి పెన్షన్, 2024 సెప్టెంబర్ 12 కంటే ముందే ప్యాకేజీ ఉంది కాబట్టి మాకు సేవల ఖర్చులో వాటా కట్టాల్సిన పని లేదు. కొత్తగా చేరేవాళ్ళకి నర్సు సేవలు ఉచితమే గానీ, పూర్తి పెన్షన్ ఉన్నా స్నానానికి 5 శాతం, ఇల్లు శుభ్రం చేయడం లాంటి వాటికి 17.5 శాతం కట్టాలని 2025 నవంబర్‌లో పెట్టారు. పెన్షన్ లేనివాళ్ళకి అవే 50, 80 శాతం దాకా. ఇక కదలకుండా ఇక్కడే ఉండే పెద్దవాళ్ళకి మూడు నెలల లెక్క పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. ఏటా ఊరెళ్ళే మాలాంటి ఇళ్ళకే దెబ్బ.

అమ్మకి ఎంత సాయం కావాలో మళ్ళీ అంచనా వేయమని దరఖాస్తు పెట్టాం, ఎదురుచూస్తున్నాం. ఈసారి టికెట్ డిసెంబర్ మధ్యలో తీసుకుని, ఫిబ్రవరి మధ్యకల్లా తిరిగి రమ్మంటున్నాను. అలా అయితే వచ్చేసరికి జనవరిలో పడిన డబ్బు ఇంకా చేతిలో ఉంటుంది. సంక్రాంతి దక్కుతుంది, ఉగాది మాత్రం ఇక్కడే. అమ్మ ఇంకా సరే అనలేదు.